సారు దీపం

హనుమక్క కోడలి చేతిలోంచి పార లాక్కుని గెనం గట్టు మీద పడేసింది. కొట్టలేదు, తిట్టలేదు. ఇంటికి పొమ్మని మాత్రం అంది. కల్పన కాసేపు అక్కడే నిలబడింది. తర్వాత చీర కుచ్చెళ్లు దులుపుకుని, చామంతి మొక్కలకి అంచు తగలకుండా గెనం చివరి వరకూ ఒదిగి ఒదిగి నడిచి రోడ్డెక్కింది.

పుంగనూరు దాటి మదనపల్లె రోడ్డులో పోతే ఎడమ పక్క ఒక చిన్న చర్చి, దాన్ని ఆనుకుని ఎకరం చామంతి తోట. నేల చర్చిది, సేద్యం హనుమక్కది. ఆ రెండింటి నడుమ పెంకుటింట్లో దెబోరా టీచరు ఒక్కతే ఉంటుంది. బళ్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయిన మనిషి. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని వెనక వరండాలో కూర్చోవడం, ఆడవాళ్లు పూలు కోస్తుంటే చూడటం ఆవిడకి ఎన్నేళ్లుగానో అలవాటు. ఆ వాసన లేకపోతే కాఫీ కాఫీలా ఉండదంటుంది.

ఈ ఏడు కోయడానికి పూలుంటే కదా! దసరా పోయింది, దీపావళి వచ్చేస్తోంది. మొక్కలేమో నడుం ఎత్తు పెరిగి, నిగనిగలాడే ఆకులేసుకుని, పెళ్లికి ముస్తాబై గడప దాటని పిల్లల్లా నిలబడ్డాయి. మొగ్గన్న మాట లేదు. రోడ్డుకి అవతల రంగప్ప తోట పసుపు ఆరబోసినట్టు పూసింది. ఇద్దరిదీ కుప్పం నారే. ఒకే ఆటోలో వచ్చి, ఒకే వారంలో నేలలో పడ్డ నారు. హనుమక్క కొడుకు లోకనాథ్ మందుల అంగడికి పోయి, పూత రావడానికి ఏదైనా ఇమ్మంటే వాళ్లు ఏదో హార్మోను మందు ఇచ్చారు. అది కొట్టాక మొక్కలు ఇంకో జానెడు పొడుగు సాగాయి, అంతే.

నారు మంచిదే, నేల మంచిదే, ఎరువూ మంచిదే అన్నాక చెడ్డవాళ్లు ఎవరో ఒకరు తేలాలి కదా. కల్పన తేలింది. వానల్లో ఒక రోజు మడిలో నీళ్లు నిలిచిపోతే, వేళ్లు కుళ్లిపోతాయని ఆ పిల్ల పరిగెత్తి గెనం తెంచి నీళ్లు బయటికి వదిలింది. ఆ రోజు తను బయట ఉంది. బయట చేరిన ఆడది పూలతోటలో అడుగు పెట్టకూడదని ఆ చుట్టుపక్కల పట్టింపు. మొక్కలు బతికిన సంగతి అందరూ మర్చిపోయారు, ఆమె దిగిన సంగతి మాత్రం ఒక్కరూ మర్చిపోలేదు.

దెబోరా టీచరు ఊరుకోలేక ఆ పొద్దున హనుమక్కని వరండాలోకి పిలిచి అడిగింది. ఆడవాళ్ల నెలసరికీ చామంతి పూతకీ సంబంధం ఏమిటని తను బళ్లో చెప్పినట్టే నిదానంగా చెప్పింది. హనుమక్క గోడకి ఆనుకుని నిలబడి అంతా విన్నది. ఎన్నిసార్లు కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీరు సదువు సెప్పినోళ్లు మా. మీకు అట్లే ఉంటాది. మాకు ఇంకోటి యేం సెప్పుకోవాల?" అంది చివరికి, టీచరు మొహం కేసి కాకుండా ఆవిడ కాళ్ల కేసి చూస్తూ. దీపావళి అయ్యాక కోడల్ని సదుంలో పుట్టింటికి పంపించేస్తానని, తోట సంగతి తేలేదాకా అక్కడే ఉంటుందని కూడా చెప్పింది. లోకనాథ్ ఏమన్నాడని టీచరు అడిగితే, వాడు ఏమంటాడు, తల ఊపినాడు అంది.

టీచరుకి ఒళ్లు మండిపోయింది. తల ఊపే మగవాళ్లంటే ఆవిడకి మొదటి నుంచీ పడదు. పోయిన తన భర్త కృపానందం అన్నిటికీ అడ్డం తగిలే మనిషి. ఆ అడ్డం తగలడం లేక ఇల్లు బోసిపోయిందనే ఇప్పుడు ఆవిడ బాధ.

సందె చీకటి పడగానే ఆవిడ వరండా గోడకున్న పెద్ద స్విచ్చు దగ్గరికి వెళ్లింది. చర్చి ఆవరణలో, తోట వైపు గోడ మూల ఎత్తయిన ఇనప స్తంభం, దాని మీద తెల్లటి ఫ్లడ్‌లైటు. కిందనున్న పలక మీద కృపానందం పేరు చెక్కి, జ్ఞాపకార్థం అని రాశారు. ఆయన చేతుల మీదుగా చదువుకున్న పిల్లలంతా కలిసి ఈస్టరుకి పెట్టించారు. సామాను మదనపల్లె నుంచి తెచ్చారు, పాట పాడి వెలిగించారు, స్విచ్చు మాత్రం టీచరమ్మ చేతి దగ్గరే ఉండాలన్నారు. అప్పటి నుంచీ అది వెలగని రాత్రి లేదు. ఊళ్లో వాళ్లు దాన్ని సారు దీపం అంటారు. స్విచ్చు వేసే ముందు ఆవిడ ఒక్క క్షణం కళ్లు మూసుకుంటుంది. ఆ వెలుగు భళ్లున వచ్చి ముంగిలీ చర్చి గోడా తోటా కప్పేస్తే, ఆయనే గదిలోంచి బయటికొచ్చి నిలబడ్డట్టు ధైర్యంగా ఉంటుంది. ఆ ధైర్యంతోనే ఆవిడ అన్నం తింటోంది, నిద్రపోతోంది.

మర్నాడు కల్పన వెనక తలుపు కొట్టింది. వేళ్లతో సహా పెకలించిన ఒక చామంతి మొక్కని తడి గోనె ముక్కలో చుట్టి చంకలో పెట్టుకుంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"కుప్పానికి పోయి నారు సంగతి అడగాల టీచరమ్మా. మీరు తోడొస్తారా? నేనొక్కదాన్నే పోతే నా మాట యెవురింటారు. ఆ తోట లేకపోతే నాకు ఈ ఊర్లో యేముండాది?"

అందులో అబద్ధం లేదని టీచరుకి తెలుసు. ఆ పిల్ల కాపురానికి వచ్చిన కొత్తలో తోటలోనే నవ్వడం నేర్చుకుంది. మొక్క జానెడు కాగానే తలలు తుంచేటప్పుడు కల్పన చేతులు చూడాలి. బొటనవేలూ చూపుడువేలూ కలిపి చిటిక వేసినంత తేలికగా కొన తుంచి పక్కన పడేస్తూ సాలు పొడుగునా పోతుంది. ఈ ఏడూ అలాగే తుంచుతుంటే, కొన ఎందుకు తుంచుతారో తెలుసా అని టీచరు గోడ మీంచి అడిగింది. కొనలో ఆక్సిన్ అని ఒకటి తయారై కిందికి దిగుతూ పక్క మొగ్గల్ని లేవనివ్వదని, కొన తీసేస్తే పక్క కొమ్మలన్నీ ఒక్కసారి లేస్తాయని చెప్పింది. కల్పన అత్త కేసి ఓరగా చూసి, "అయితే కొనంటే అత్తే కదా టీచరమ్మా" అంది. హనుమక్క చేతిలోని మట్టిబెడ్డ విసిరింది, తగలకుండానే. ముగ్గురూ ఎంత నవ్వారో! అది జరిగి ఇంకా నాలుగు నెలలు కాలేదు.

టీచరు చీర మార్చుకుని గొడుగు తీసుకుంది.

పలమనేరులో బస్సు మారి, బైరెడ్డిపల్లె మీదుగా కుప్పం చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. దారి పొడుగునా టీచరు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. పెళ్లయిన మొదటి సంవత్సరం ఈ దారిలోనే కృపానందంతో కలిసి వెళ్లింది. ఆయన బస్సు ఆగిన ప్రతి చోటా దిగి, ఏదో ఒకటి పొట్లం కట్టించుకుని వచ్చేవాడు. శనక్కాయలు, జామకాయలు, ఒకసారి ఊరికే గుప్పెడు చింతచిగురు. కుప్పం చేరేసరికి ఒళ్లో చోటు లేక ఆవిడ విసుక్కుంది. ఇప్పుడు ఒడి ఖాళీగా ఉంది. పక్కన కల్పన గోనె ముక్క ఎండకుండా సీసాలో నీళ్లు కాసిని చిలకరిస్తూ కూర్చుంది.

నారు పెంచే మునిరాజ మర్యాదస్థుడు. అక్కా అని పిలిచి, నెట్టు షెడ్డులో కుర్చీ వేశాడు. షెడ్డులో ఆడవాళ్లు సగం తమిళం, సగం తెలుగు మాట్లాడుకుంటూ పని చేస్తున్నారు. చామంతి పిలకల్ని వేలెడంత కోసి, కింది ఆకులు గిల్లి, కాడ మొదలు తెల్లటి పొడిలో అద్ది, కొబ్బరిపొట్టు నింపిన ట్రేల్లో గుచ్చుతున్నారు. వేరు పొడి అన్నారు. టీచరు చిటికెడు వేళ్ల మధ్య పెట్టుకుని చూసింది. ఆక్సినే. బల్ల మీద గీసిన బొమ్మల్లో తప్ప ఆవిడ దాన్ని ఇంతవరకూ చేత్తో ముట్టుకోలేదు. అంత వయసులోనూ ఆవిడకి పిల్లలా సంబరం వేసింది. ఇంటికెళ్లి చెప్పడానికి ఆయన లేడే అని వెంటనే గుర్తొచ్చి ఆ పొడి దులిపేసుకుంది.

మునిరాజ కల్పన తెచ్చిన మొక్కని తిప్పి తిప్పి చూశాడు. వేరు చీల్చి చూశాడు, కొన చిదిమి చూశాడు. నారులో తప్పేమీ లేదన్నాడు. ఇంత బలమైన మొక్క తన తోటలో కూడా లేదన్నాడు.

"మా తల్లిమొక్కలు సూస్తారా అక్కా? అచ్చం ఇట్లే ఉంటాయి" అని షెడ్డు వెనక్కి తీసుకుపోయాడు.

అక్కడ అర ఎకరం చామంతి. నడుం ఎత్తు, నిగనిగలాడే ఆకులు, ఒక్క మొగ్గ లేదు. కల్పన అవి చూసి నోరు తెరిచింది. మొక్కల మీదుగా ఆ చివరి నుంచి ఈ చివరికి వైర్లు లాగి, వాటికి వరసగా బల్బులు వేలాడగట్టి ఉన్నాయి. పట్టపగలు కాబట్టి అవి వెలగడం లేదు.

"ఈ బల్బులు యాలన్నా?" అంది కల్పన.

"పూత రాకుండా. రాత్రి పూట ఎలుతురు పెడితే దీనికి పూసే కాలం ఇంకా రాలేదనుకుంటాది. పూసేస్తే మాకు పిలకలు యాడొస్తాయి? నారు సాలనుకున్న పొద్దు బల్బులు ఆర్పేస్తాం. నెల తిరిగేతలికి మొగ్గ."

దెబోరా టీచరు అలాగే నిలబడిపోయింది. ఆవిడ చెప్పిన పాఠమే అది. పదో తరగతి పిల్లలకి ఎన్నేళ్లు చెప్పిందో! ఆకు చీకటిని కొలుచుకుంటుంది. రాత్రి చాలినంత పొడవైతే ఆకులో ఒక పదార్థం పుట్టి, కాడ గుండా కొనకి చేరి, ఆకులు వేసింది చాలు ఇక పూలు వెయ్యమని చెబుతుంది. నడిమధ్య వెలుగు పడిందా, లెక్క మొదటికొస్తుంది. మొక్కకి వాచీ ఉందా టీచర్ అని పిల్లలు నవ్వేవారు, ఆవిడా నవ్వేది. పరీక్షలో మార్కులు వేసే పాఠం కాబట్టి అది పుస్తకంలోనే ఉంటుందనుకుంది కాబోలు. తన వరండాలో, తన చేత్తో, ఈస్టరు నుంచీ ఆ లెక్క తప్పిస్తున్నది తనే.

కల్పన ఒకసారి ఆవిడ కేసి చూసింది. వెంటనే చూపు దించుకుని, గోనె ముక్క మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది.

తిరుగు బస్సులో ఆ పిల్లకి అర్థమైందా లేదా అని టీచరు కాసేపు తర్కించుకుంది. అర్థం కాకపోతే బావుండునని అనుకుంది కూడా. ఆ అనుకోవడం ఆవిడకే అసహ్యం వేసింది. పలమనేరులో దిగేటప్పుడు కల్పన ఆవిడ గొడుగు అందుకుని, "నారు మంచిదేనని అత్తకి సెప్తా. ఇంగేముండాది" అంది.

ఆ సాయంత్రం టీచరు స్విచ్చు ముందు చాలాసేపు నిలబడింది. ఇంకా నెల తర్వాత కదా మొగ్గలు, ఒక్క రాత్రికి ఏమవుతుందిలే అనుకుంది. సమాధుల పండుగ వస్తోంది, ఆయన లేకుండా వచ్చే మొదటి పండుగ. అప్పటిదాకా వెలగనిచ్చి తర్వాత చూద్దామనుకుంది. ఆలోచన పూర్తి కాకముందే చెయ్యి స్విచ్చు వేసేసింది. వెలుగొచ్చింది. ఎప్పటి ధైర్యం రాలేదు. అన్నం కూడా సయించలేదు.

తెల్లవారాక చెప్పుల్లేకుండా తోటలోకి దిగింది. స్తంభం కింద నిలబడి ఎదురుగా చూస్తే చర్చి నీళ్ల ట్యాంకు, సిమెంటు స్తంభాల మీద ఎత్తుగా ఉంది. వెలుగుని అది అడ్డుకునే చోటు తోటకి ఆ మూల, గోడ పక్కన. ఎవరికీ అక్కడికి పోయే పని ఉండదు. గెనం పట్టుకుని ఆవిడ అక్కడిదాకా పోయి, ఆకులు పక్కకి తీసింది. శనగ గింజలంత మొగ్గలు. ట్యాంకు నీడ ఎంత మేర పడుతుందో అంత మేర, గీత గీసినట్టు, మొక్కమొక్కకీ మొగ్గలే. ఒకటి రెండు చోట్ల పసుపు కూడా తొంగి చూస్తోంది. ఆవిడ అక్కడే మట్టిలో చతికిలబడి ఏడ్చింది. ఎవరి కోసమో ఆవిడకే తెలియలేదు, కల్పన కోసమో, కృపానందం కోసమో.

ఆ సాయంత్రం స్విచ్చు వెయ్యలేదు.

చీకటి మెల్లిగా చర్చి గోడ దిగి, ముంగిట్లోకి వచ్చి, వరండా ఎక్కింది. ఇంత చీకటి చూసి ఎన్నాళ్లయిందో. ఆవిడ మెట్టు మీద కూర్చుంది. భయం వేస్తుందనుకుంది, వెయ్యలేదు. రోడ్డవతల రంగప్ప తోట నుంచి చామంతి వాసన గాలికి వచ్చింది. దాంతో పాటు ఒక గొంతు గుర్తొచ్చింది. "దెబోరా, ఆ బల్బు ఆర్పవే, పురుగులు పప్పులో పడతాండాయి." వానాకాలమంతా ఆయన అదే గోల. వరండాలో బల్బు ఆర్పించి, చీకట్లోనే అన్నం కలుపుకుని, చీకట్లోనే శనక్కాయలు ఒలిచి, ఒలిచినవాటిలో సగం ఆవిడ చేతిలో పెట్టేవాడు. వేళ్లు తగిలితే తప్ప ఎక్కడున్నాడో తెలిసేది కాదు. అలాంటి మనిషి పేరు మీద తెల్లవార్లూ వెలిగే దీపం! ఆవిడకి నవ్వొచ్చింది. ఇన్నాళ్లూ ఆ వెలుగులో ఎంత వెతికినా దొరకని మనిషి, ఇప్పుడు పక్క మెట్టు మీద కూర్చున్నట్టే ఉంది.

రోడ్డు మీద టార్చి వెలుగు కదిలింది. హనుమక్క గబగబా వచ్చింది, వెనక కల్పన.

"టీచరమ్మా, ఒంట్లో బాగుండాదా? సారు దీపం ఎలగలేదే, మాకు గుండె ఝల్లుమన్నాది."

టీచరు ఇద్దర్నీ మెట్ల మీద కూర్చోబెట్టింది. చెప్పాల్సింది చెప్పేసింది. తోట పూయకపోవడానికి కారణం దీపమని, కల్పన కాదని, మొగ్గలు ట్యాంకు నీడలో ఎలా ఉన్నాయో పొద్దున చూశానని, ఇకమీదట తోటలో పంట ఉన్నన్నాళ్లూ అది వెలగదని, చర్చి పెద్దలకి తనే చెప్పుకుంటానని. తప్పు నాది, ఆ బిడ్డని క్షమించమని అడగాల్సింది మనిద్దరం అని కూడా అంది.

హనుమక్క టార్చి ఆర్పేసింది.

"ట్యాంకు నీడ కాడ మొగ్గలొచ్చినాయని నాకు తెలుసు మా" అంది. "అవి పుట్టిన వారమే సూసినా. ఎలుతురు పడని కాడ వస్తాండాది, పడే కాడ రాలేదు. ఇన్నేండ్లు తోట సేసినదాన్ని, ఆ మాత్రం కనపడదా?"

టీచరు మరి ఎందుకు చెప్పలేదని అడిగింది.

"యే నోటితో సెప్పేది? నా మొగుడు పోయిన పొద్దు, పిల్లోడితో నడిరోడ్డు మీద ఉంటే, ఈ నేల నాకు ఇప్పించింది సారు. మీరేమో పొద్దుగూకితే ఆ స్విచ్చు కాడ కండ్లు మూసుకుని నిలబడతారు. నేను తోటలోంచి దినామూ సూస్తా. ఆ దీపం ఆర్పండి, నాకు పూలు రాలేదు అని అడిగితే నేను మనిషినా?"

మంచి మాటే. మనసున్న మాటే. దెబోరా టీచరు కళ్లు నిండిపోయాయి. కానీ ఆ చీకట్లో కింది మెట్టు మీద కూర్చున్న మూడో మనిషి ఒకతె ఉంది.

"తెలిసుండీ నన్నంటివా అత్తా?"

కల్పన గట్టిగా అనలేదు. పక్కింటివాళ్ల పిల్ల సంగతేదో అడిగినట్టు అడిగింది.

"యేం సేసేది మే. అడిగే ప్రతివాళ్లకీ యేదో ఒకటి సెప్పాల గదా. టీచరమ్మని అనేదానికి నోరు రాలేదు. నువ్వంటే ఇంట్లో మనిషివి, పడతావులే అనుకుంటి" అంది హనుమక్క.

అందులో దాపరికం లేదు. సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు కూడా ఆమె అనలేదు. అలా అనుకోవడం తప్పని ఆమెకి అప్పటిదాకా తట్టనే లేదు. టీచరు మీద గౌరవం అంతా ఆ పిల్ల వీపు మీద మోయించారు. నాలుగు వారాల పాటు తను ఆ గౌరవాన్ని అనుభవించింది.

కల్పన లేచి, చీకట్లోనే రోడ్డు మీదికి నడిచింది. టార్చి తీసుకో మే అని అత్త పిలిచినా వెనక్కి తిరగలేదు.

మర్నాడు పొద్దున టీచరు కాఫీ గ్లాసుతో వరండాలోకి వచ్చేసరికి హనుమక్క, లోకనాథ్, ఇద్దరు కూలివాళ్లు తోట గెనం మీద ఉన్నారు. పొడుగు సాగి పడిపోతున్న మొక్కలకి ఊతంగా పుల్లలు గుచ్చి, తాడు కట్టే పని. ఇక మొగ్గలొస్తాయి కాబట్టి బరువు ఆపాలి. కల్పన అందరికంటే ఆలస్యంగా వచ్చింది. తల స్నానం చేయలేదు, బొట్టు పెట్టుకోలేదు. పుల్లల మోపు దగ్గరికి వచ్చి ఒక కట్ట చంకన పెట్టుకుంది.

"అత్తా, నేను ఈ పొద్దు బయటుండాను" అంది, గెనం మీదున్న నలుగురికీ వినపడేలా.

లోకనాథ్ తల వంచుకున్నాడు. కూలివాళ్లు చేతుల్లో తాడు పట్టుకుని అలాగే ఆగిపోయారు. కల్పన ఎవరి జవాబూ చూడకుండా మడిలోకి దిగి, మొదటి మొక్క పక్కన వంగి పుల్ల గుచ్చింది. తాడు చుట్టి, కాడ నలగకుండా వదులుగా ముడి వేసి, రెండో మొక్కకి పోయింది.

హనుమక్క వరండా వైపు చూసింది, టీచరు ఏదైనా అంటుందేమో అన్నట్టు. టీచరు చూపు తిప్పుకోలేదు. హనుమక్క పైటకొంగు నడుముకి బిగించుకుంది. ఇంకో కట్ట పుల్లలు తీసుకుని, కోడలి పక్క సాలులో వంగింది.